మెక్సికో లాగూన్లలో గ్రే వేల్స్ చూడాలి: అమ్మానాయనతో పోవాలంటే ఏది, ఎప్పుడు?

అలిపిరిమెట్లు (తిరుపతి):

మా తమ్ముడు శాన్ డియాగోలో ఉంటాడు, హెచ్‌1బీ. అమ్మ, నాయన జనవరి ఆఖర్లో వాడి దగ్గరికి పోతున్నారు, ఏప్రిల్ మొదటివారంలో తిరుగు టికెట్. మార్చిలో నేనూ సెలవు పెట్టుకుని పోతాను. అందరం కలిసి మెక్సికో వైపు బాహా ద్వీపకల్పంలో గ్రే వేల్స్ అనే తిమింగలాలు పిల్లల్ని కనే లాగూన్లు (ఇసుక దిబ్బ చాటున ఉండే ఉప్పునీటి కయ్యలు) చూడాలని అనుకుంటున్నాం.

ఓహో దె లియెబ్రె, సాన్ ఇగ్నాసియో, మాగ్దలేనా బే అని మూడు పేర్లు కనిపిస్తున్నాయి. నాయనకి బీపీ ఉంది గానీ ఇప్పటికీ కొండ మెట్లెక్కే మనిషి. అమ్మకి రెండు మోకాళ్ళూ నొప్పి, కింద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి. ఇద్దరూ గుడ్డు కూడా ముట్టరు. అమెరికా బీ1/బీ2 పదేళ్ళ వీసాలున్నాయి. ఏ లాగూన్ మేలు, మార్చిలో ఏ వారం, మెక్సికో వీసా కావాలా, పడవలో కడుపు తిప్పితే ఏం చేయాలి, తిండి ఎట్లా? ఇంకోటి, వీడియోల్లో తిమింగలం తలని నిమురుతుంటారే, అది నిజంగా జరిగే పనేనా, లేక అదృష్టమా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కాళంగిరేవు (సూళ్లూరుపేట):

నెల సంగతి ముందు తేల్చుకోండి, లాగూన్ తర్వాత. ఆర్కిటిక్ వైపు బేరింగ్, చుక్చీ సముద్రాల నుంచి బయల్దేరి, ఇవి డిసెంబర్ నడిమి నుంచి లాగూన్లకి చేరడం మొదలవుతుంది. ఫిబ్రవరి నడిమికల్లా లెక్కలో ఎక్కువ కనిపిస్తాయి, కానీ అందులో మగవి, పిల్లలేని ఆడవి చాలా ఉంటాయి. ఆ గుంపు ఫిబ్రవరి నడిమి నుంచే ఉత్తరానికి మళ్ళుతుంది. ఆఖరికి మిగిలేది తల్లీపిల్లలు. పుట్టినప్పుడు దాదాపు నాలుగున్నర మీటర్లుండే పిల్ల అప్పటికి నెల, రెండు నెలలది అయి, బాగా ఈదుతూ పడవల మీద ఆసక్తి చూపిస్తుంది. దగ్గరకొచ్చే సంఘటనలు ఫిబ్రవరి చివర్నించి మార్చి చివరిదాకా ఎక్కువ. మీకు మార్చి 1 నుంచి 25 లోపు సరిపోతుంది. ఏప్రిల్‌కి వాయిదా వెయ్యొద్దు, సీజన్ కాగితం మీద ఏప్రిల్ 15 దాకా ఉన్నా అప్పటికి చాలా వెళ్ళిపోతాయి.

ఇప్పుడు లాగూన్. వీడియోల్లో ఎక్కువగా కనిపించేది సాన్ ఇగ్నాసియో కాబట్టి అందరూ దాన్నే అడుగుతారు. ఊరి నుంచి లాగూన్ ఒడ్డు క్యాంపులకి దాదాపు 60 కిలోమీటర్లు. అక్కడ చాలాచోట్ల జెట్టీ ఉండదు, మోకాలి లోతు నీళ్ళలో నడిచి పడవ అంచు మీదుగా కాలెత్తి ఎక్కాలి. క్యాంపుల్లో సోలార్ కరెంటు, డ్రై టాయిలెట్లు. మీ నాయనకి ఇబ్బంది లేదు. మీ అమ్మకి ఆ ఎక్కడం, దిగడమే కష్టం.

ఓహో దె లియెబ్రెకి గెర్రెరో నేగ్రో ఊరే ఆధారం. హైవే పక్కనే ఊరు, హోటళ్ళు, ఆసుపత్రి, ఏటీఎం ఉన్నాయి. మూడింట్లో తిమింగలాల సంఖ్య ఎక్కువ ఉండేది ఇక్కడే. జెట్టీ నుంచి ఎక్కించే టూర్ ఎంచుకోండి, బుకింగ్‌లోనే ఆ మాట అడగండి. మాగ్దలేనా బేలో పోర్ట్ ఆదోల్ఫో లోపెస్ మాతేయోస్ అని చిన్న రేవు ఊరుంది. అక్కడ నీటిదారి సన్నగా, మడ అడవుల మధ్య ఉంటుంది, పడవెక్కిన కాసేపటికే తిమింగలాల మధ్యకి పోతారు. రేవు నుంచి నేరుగా పడవలోకి ఎక్కొచ్చు.

నా మాట అడిగితే: విమానంలో పోతే లోపెస్ మాతేయోస్, కారులో పోతే గెర్రెరో నేగ్రో. సాన్ ఇగ్నాసియో మీరూ నాయనా ఒకరోజు విడిగా పోయి రావచ్చు, అమ్మని ఊళ్ళో ఖర్జూర తోపుల దగ్గర హోటల్లో ఉంచి.

మన పులికాట్ చూసినవాళ్ళకి ఈ లాగూన్ల ఆకారం వెంటనే అర్థమవుతుంది: సముద్రం, ఇసుక దిబ్బ, లోపల పల్చటి నీళ్ళు, సన్నని నోరు. తేడా ఒక్కటే. పులికాట్‌లోకి కాళంగి, ఆరణి మంచినీళ్ళు తెస్తాయి. బాహాది ఎడారి, నదులు దిగవు, ఎండకి నీళ్ళు ఆవిరై లోపలి నీరు బయట సముద్రం కన్నా ఉప్పగా ఉంటుంది. కిల్లర్ వేల్స్ లోపలికి రావడం అరుదు, అలలు తక్కువ, నీరు కాస్త వెచ్చన. తల్లులు ఇక్కడికి రావడానికి కారణాలు అవేనని పరిశోధకులు చెబుతారు.

పాకాలజంక్షన్:

పడవ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఇబ్బందులన్నీ అక్కడే వస్తాయి కాబట్టి. పంగా అంటారు, ఫైబర్‌గ్లాస్‌తో చేసిన 22 నుంచి 24 అడుగుల పైకప్పులేని పడవ, వెనక ఔట్‌బోర్డ్ మోటారు. అడ్డంగా బల్లలు, వీపుకి ఆనించుకోడానికి ఏమీ ఉండదు. అమ్మని నడిమి నుంచి కాస్త వెనక బల్ల మీద కూర్చోబెట్టండి. అణియం (పడవ ముందు భాగం) వైపు కూర్చుంటే లాగూన్ నోటి దగ్గర పడవ ఎగిరి పడినప్పుడు నడుం పోతుంది. మడతపెట్టే ఫోమ్ దిండు ఒకటి తీసుకోండి. లైఫ్ జాకెట్ తప్పనిసరి, స్వెటర్ వేసుకున్నాకే బిగించుకోవాలి, లేదంటే తర్వాత చలేసినా స్వెటర్ వేసుకోలేరు.

పొద్దున మొదటి ట్రిప్పే బుక్ చెయ్యండి. మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుంది, నీళ్ళు చిందరవందర అవుతాయి, తిమింగలం ఊపిరి పిచికారీ కూడా ఎక్కడుందో కనిపించదు. సాన్ ఇగ్నాసియోలో చూసే ప్రాంతంలో ఒక్కసారికి 16 పడవలకి మించి వదలరు, ఒక్కో పడవకి గంటన్నర టైం. లాగూన్ పైభాగం పిల్లల పెంపకానికి వదిలేశారు, అక్కడికి టూరిస్టు పడవలు పోవు. పోనూ రానూ కలిపితే రెండు, రెండున్నర గంటలు. పడవలో టాయిలెట్ లేదు. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువయ్యేవి ఉంటే ఆ రోజు ఎప్పుడు వేసుకోవాలో ముందే డాక్టర్‌ని అడగండి. మీ అంతట మీరు మానేయించొద్దు.

చూడటం ఎట్లాగంటే, దీనికి వీపు మీద రెక్క ఉండదు. తక్కువ ఎత్తు మూపు, దాని వెనక తోక దాకా గుబ్బలు వరసగా. పిచికారీ ఎదురుగా చూస్తే హృదయం ఆకారంలో, 3 నుంచి 4 మీటర్ల ఎత్తు. పెద్దది మూడు నాలుగుసార్లు ఊపిరి తీసి, తర్వాత కొన్ని నిమిషాలు మునుగుతుంది. పిల్ల ఎక్కువసేపు ఆగలేదు, త్వరత్వరగా పైకొస్తుంది. కాబట్టి పిల్ల లేచిన చోట కళ్ళు పెడితే తల్లి దగ్గర్లోనే దొరుకుతుంది. తల నిటారుగా పైకి లేపి నిలబడినట్టు చూస్తే దాన్ని స్పైహాపింగ్ అంటారు. అప్పుడు అందరూ లేచి ఒకే పక్కకి ఎగబడతారు, పడవ ఒరిగేది అప్పుడే. లేవకండి, మీ వంతు మీ పక్కకి వస్తుంది.

నడవలూరి:

నిమరడం గురించి ఎవరూ చెప్పలేదు కదా. నాకు దాని మీద అనుమానమే ఎక్కువ. అడవి జంతువుని అట్లా పట్టుకోవడం దానికి మంచిదేనా? అమెరికా వైపు వంద గజాల దూరం ఉండాలని మార్గదర్శకం ఉంది, ముట్టుకోవడం చట్టవిరుద్ధం. గీత దాటితే మారిపోతుందా?

కాళంగిరేవు (సూళ్లూరుపేట):

అడగాల్సిన మాటే. మెక్సికోలో కూడా వెంటబడటం, తల్లీపిల్లల మధ్యకి పడవ పోనివ్వడం, నీళ్ళలోకి దిగి ఈదడం నిషేధం. పంగా నడిపేవాడు వేగం తగ్గించి, ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి ఆగుతాడు. తర్వాత జరిగేది తిమింగలం ఇష్టం. చాలా పడవల దగ్గరికి రావు. కొన్ని వస్తాయి, కొన్ని తల్లులు పిల్లని కింద నుంచి పైకి తోసి పడవకి ఆనిస్తాయి కూడా. దీనికి పూచీ ఇచ్చే టూర్ ఏదైనా ఉంటే దాన్ని నమ్మొద్దు.

వచ్చినప్పుడు ఏం చేయాలంటే, ఉంగరాలు, వాచీ, గాజులు ముందే తీసి బ్యాగులో పెట్టండి. అమ్మ చేతికి మట్టిగాజులుంటే తప్పకుండా, పగిలితే తనకీ తిమింగలానికీ ఇద్దరికీ గాయం. సన్‌స్క్రీన్, లోషన్ అరచేతులకి రాయొద్దు. ముట్టుకునేట్టయితే తల పైభాగం, దవడ అంచు మాత్రమే. కంటి దగ్గర, ఊపిరి రంధ్రాల మీద, తోక వైపు చెయ్యి పెట్టొద్దు. చర్మం నున్నగా, ఉడికించి పొట్టు తీసిన గుడ్డులా తగులుతుంది, కానీ మధ్యలో తెల్లని మచ్చలన్నీ బార్నకిల్స్ (చర్మానికి అంటుకుని బతికే గుల్ల జీవులు), గరుకుగా గీరుకుంటాయి. ఈ బార్నకిల్ జాతి దాదాపుగా గ్రే వేల్ మీదే బతికేది. వాటి చుట్టూ నారింజ రంగులో పాకుతున్నవి తిమింగలం పేలు, మనుషులకి పట్టవు. ముట్టుకున్న చేతిని నోటి దగ్గర పెట్టకుండా దిగాక కడుక్కోండి.

పంగా నడిపేవాడు వద్దంటే వద్దు. తల్లి తోక గట్టిగా ఊపినా, పిల్లని తన వీపు మీదికి ఎక్కించుకున్నా వాడు పడవ తీసేస్తాడు, అప్పుడు ఇంకొంచెంసేపు అని అడగొద్దు.

19వ శతాబ్దంలో ఇవే జంతువులకి డెవిల్ ఫిష్ అని పేరు. చార్లెస్ మెల్విల్ స్కామన్ అనే అమెరికన్ కెప్టెన్ 1857లో ఓహో దె లియెబ్రెలోకి దారి కనిపెట్టి వేట మొదలుపెట్టాడు. తల్లిని దగ్గరికి రప్పించడానికి పిల్లని పొడిచేవాళ్ళు, తల్లులు తిరగబడి పడవలు పగలగొట్టేవి. ఆ లాగూన్లలోనే 1972లో పాచికో మయొరాల్ అనే జాలరి పడవ పక్కకి ఒక తిమింగలం వచ్చి ఆగితే చెయ్యి చాపి ముట్టుకున్నాడు. సాన్ ఇగ్నాసియో టూరిజం ఆ సంఘటన నుంచే పుట్టింది. 1988లో ఎల్ విస్కాయినో బయోస్ఫియర్ రిజర్వ్ అయింది, 1993లో యునెస్కో జాబితాలో చేరింది. పక్కనే ఉప్పు ఫ్యాక్టరీ పెట్టాలన్న ప్లాన్‌ని 2000లో మెక్సికో ప్రభుత్వం రద్దు చేసింది.

అయితే నడవలూరి గారి అనుమానానికి బలం వేరేచోట ఉంది. ఉత్తర పసిఫిక్ తూర్పు వైపు గ్రే వేల్స్ 2016లో దాదాపు 27 వేలు. 2018 చివరి నుంచి 2023 దాకా మెక్సికో నుంచి అలాస్కా దాకా 690 కళేబరాలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. 2025 లెక్కలో సుమారు 13 వేలే మిగిలాయి, ఉత్తరానికి పోయేటప్పుడు అంచనా వేసిన పిల్లలు సుమారు 85 మాత్రమే. ఆర్కిటిక్ సముద్రం అడుగున ఇవి తినే యాంఫిపాడ్స్ (చిన్న రొయ్యల్లాంటి జీవులు) తగ్గడమే ప్రధాన కారణంగా చెబుతున్నారు. లాగూన్లో ఉన్నన్నాళ్ళు తల్లి దాదాపు ఏమీ తినదు, పిల్లకి సగానికి పైగా కొవ్వుండే పాలిస్తుంది. ఆర్కిటిక్‌లో తిండి సరిపోకపోతే లాగూన్లో బక్కచిక్కి కనిపిస్తాయి: తల వెనక గుంట, వీపు ఎముకలు బయటపడటం. అట్లాంటిది పడవ దగ్గరికొస్తే దాన్ని ఆపకుండా పోనివ్వమని చెప్పండి. పాత వీడియోలు చూసి అన్ని తల్లీపిల్లల జంటలు ఉంటాయని అమ్మానాయనకి ఆశ పెట్టకండి. ఇటీవలి సీజన్లలో ఆ జంటలు బాగా తగ్గాయి.

రేణిగుంటరన్‌వే:

వీసా, దారి నా వంతు.

అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే భారతీయులకి మెక్సికో టూరిస్టు వీసా అక్కర్లేదు. అమ్మానాయనకి, మీకు ఇబ్బంది లేదు. ఇరుక్కునేది మీ తమ్ముడు. హెచ్‌1బీ వాళ్ళకి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయి, ఐ-797 కాగితంతో ఎక్స్‌టెన్షన్ మీద ఉండటం మామూలే. మెక్సికో ఐ-797ని ఒప్పుకోదు, స్టాంపు ఉండాలి, లేకపోతే వాడికి మెక్సికో వీసా విడిగా తీసుకోవాలి. ఈరోజే చూసుకోమనండి. అందరూ ఐ-94 (అమెరికా ప్రవేశ రికార్డు) ప్రింటు పెట్టుకోండి.

కారులో దాటితే సరిహద్దులో ఎవరూ ఆపకపోవచ్చు. అట్లా పోకుండా ఇమిగ్రేషన్ ఆఫీసు దగ్గర మీరే ఆగి, ప్రవేశ పత్రం తీసుకుని స్టాంపు వేయించుకోండి. అమెరికా కారు ఇన్సూరెన్స్ మెక్సికోలో చెల్లదు, మెక్సికన్ పాలసీ వేరే కొనాలి. అద్దె కారయితే సరిహద్దు దాటడానికి కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. శాన్ డియాగో నుంచి గెర్రెరో నేగ్రో సుమారు 720 కిలోమీటర్లు, రెండు రోజులుగా విడగొట్టండి, సాన్ క్వింతీన్‌లో రాత్రి బస. చీకట్లో నడపొద్దు: రోడ్డు సన్నం, పక్కన మట్టి అంచు కూడా ఉండదు, ఆవులు అడ్డం వస్తాయి. ఎల్ రొసారియోలో ట్యాంకు నిండా కొట్టించండి, ఆ తర్వాత మూడొందల కిలోమీటర్లకి పైగా నమ్మదగ్గ బంకు లేదు.

మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఆ రెండు రోజుల కూర్చోవడం నేనైతే పెట్టను. శాన్ డియాగో ఓటాయ్ మేసా నుంచి క్రాస్ బోర్డర్ ఎక్స్‌ప్రెస్ వంతెన దాటితే నేరుగా తిహువానా ఎయిర్‌పోర్టులో ఉంటారు. అక్కణ్ణించి బాహా దక్షిణాన ఉన్న లా పాస్‌కి విమానం, లా పాస్ నుంచి లోపెస్ మాతేయోస్‌కి సుమారు 270 కిలోమీటర్లు. వీల్‌చైర్ టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. లా పాస్‌లో అద్దె కారుకి ఆన్‌లైన్‌లో కనిపించే రేటులో తప్పనిసరి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కలిసి ఉండదు, కౌంటర్ దగ్గర బిల్లు పెరుగుతుంది. ముందే లెక్కేసుకోండి.

అమెరికాలో ఉన్నంతకాలానికి కొన్న విజిటర్ ఇన్సూరెన్స్ మెక్సికోలో వర్తిస్తుందా లేదా పాలసీలో చదవండి. చాలావాటికి షరతులుంటాయి. పడవకి, రిజర్వ్ ప్రవేశ రుసుముకి పెసోలు నగదుగా ఉంచుకోండి, లాగూన్ ఒడ్డున కార్డు గీకే మిషన్ ఉంటుందని ఆశపడొద్దు.

పుత్తూరుకట్టు:

తిండి, మాత్రలు. నాన్‌వెజ్ లేదంటే వాళ్ళకి మాంసం ముక్క లేదని మాత్రమే అర్థమవుతుంది. ఉడికిన బీన్స్‌లో పంది కొవ్వు, అన్నంలో కోడి రసం వేయడం మామూలు. అందుకని "సిన్ కార్నె" (మాంసం లేకుండా) ఒక్కటే చాలదు, "సిన్ మాంతేకా, సిన్ కాల్దో దె పోయో, సిన్ వేవో" (పంది కొవ్వు, కోడి రసం, గుడ్డు లేకుండా) అని కాగితం మీద రాసి చూపించండి. మొక్కజొన్న తోర్తీయాలు (పల్చటి రొట్టెలు) మేలు, మైదావాటిలో కొవ్వు కలిపే అవకాశం ఎక్కువ.

వంటకి మనూరి కుక్కర్ తీసుకుపోవద్దు, అక్కడ కరెంటు 127 వోల్టులు. తమ్ముడి ఇంట్లో ఉన్న అమెరికా రైస్ కుక్కర్ అదే ప్లగ్గుకి పనిచేస్తుంది. బియ్యం అక్కడి కొట్లో కొనండి. పొడులు, ఊరగాయ ప్యాకెట్లు సీలుతో పెట్టుకోండి. కారులో పోతే గెర్రెరో నేగ్రో దగ్గర రెండు రాష్ట్రాల మధ్య వ్యవసాయ తనిఖీ ఉంటుంది, నిమ్మకాయలు, పండ్లు తీసేసుకుంటారు. పులిహోర కలపాలంటే చింతపండు గుజ్జు పెట్టుకోవడమే దారి.

వాంతుల మాత్ర: లాగూన్ లోపల నీళ్ళు నిలకడగానే ఉంటాయి, నోటి దగ్గర ఊపు ఉంటుంది. మెక్లిజిన్ గానీ, మనూళ్ళో దొరికే ప్రోమెథజిన్ గానీ ఎక్కడానికి గంట ముందు వేసుకోవాలి, కడుపు తిప్పాక వేస్తే ఉపయోగం తక్కువ. రెండూ మత్తు తెస్తాయి. గ్లకోమా గానీ ప్రోస్టేట్ ఇబ్బంది గానీ ఉంటే డాక్టర్ చెప్పకుండా వేయొద్దు, నాయన వయసుకి ఇది ముఖ్యం. ఖాళీ కడుపు కూడా మంచిది కాదు, రెండు ఇడ్లీలంత తేలిక తిండి చాలు. చూపు దూరంగా తీరం మీద ఉంచమనండి, ఫోన్ స్క్రీన్ మీద కాదు.

చలి తక్కువ అంచనా వేయొద్దు. మార్చి పొద్దున పది, పన్నెండు డిగ్రీలు, దాని మీద పడవ గాలి. చెవులు కప్పే టోపీ, తుంపర ఆగే జాకెట్, అడుగున స్వెటర్. అమ్మ పడవెక్కేటప్పుడు చీర కాదు, చుడీదార్ తప్పదు.

నడవలూరి:

కెమెరా సంగతి రెండు మాటలు. పొడవు లెన్సులు మోసుకుపోయి ఏడుస్తారు. తిమింగలం పడవ పక్కకొస్తే 400 ఎంఎంలో ఒక్క బార్నకిల్ తప్ప ఏమీ పట్టదు. 24 నుంచి 105 ఎంఎం లెన్సు చాలు. నీటి మెరుపు తీయడానికి పోలరైజర్, షట్టర్ సెకనులో వెయ్యోవంతు. పడవలో లెన్సు మార్చొద్దు, ఉప్పు తుంపర లోపలికి పోతుంది. మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో సాయంత్రం తుడవండి. ఫోన్‌కి మెడలో వేసుకునే పౌచ్. డ్రోన్ పర్మిట్ లేకుండా రిజర్వ్‌లో ఎగరేయకూడదు.

అలిపిరిమెట్లు (తిరుపతి):

అందరికీ దండాలు. తమ్ముడి స్టాంపు చూశాం, నిరుడే గడువు అయిపోయింది. వాడు మెక్సికో వీసాకి అపాయింట్‌మెంట్ చూస్తున్నాడు. లా పాస్ మీదుగా లోపెస్ మాతేయోస్ అనుకుంటున్నాం, మార్చి రెండో వారం. వాడి వీసా రాకపోతే శాన్ డియాగో నుంచే చూసే దారి ఏదైనా ఉందా?

కాళంగిరేవు (సూళ్లూరుపేట):

ఉంది, కానీ అది వేరే రకం. శాన్ డియాగో నుంచి డిసెంబర్‌ నుంచి ఏప్రిల్‌ దాకా పెద్ద పడవలు పోతాయి, టాయిలెట్, వీపు ఆనించే సీట్లు ఉంటాయి, అమ్మకి సుఖం. అయితే అది లాగూన్ కాదు, బయటి సముద్రం, అలల ఊపు ఎక్కువ. తిమింగలాలు ప్రయాణంలో ఉంటాయి, ఆగవు, వంద గజాల దూరం. పడవే వద్దనుకుంటే పాయింట్ లోమా మీద కాబ్రియో నేషనల్ మాన్యుమెంట్‌లో తిమింగలాలు చూసే గట్టు ఉంది. దక్షిణానికి పోయేవి జనవరి, ఫిబ్రవరిలో అక్కణ్ణించి పిచికారీలుగా కనిపిస్తాయి. బైనాక్యులర్ 8x42 తీసుకోండి. అమ్మానాయన ఎటూ జనవరి ఆఖరికే దిగుతున్నారు కదా, దిగిన మొదటి వారాల్లోనే తీసుకుపొమ్మనండి.

రేణిగుంటరన్‌వే:

మార్చి రెండో వారం అన్నారు కాబట్టి గడియారం సంగతి ఒకటి. తిహువానా వైపు రాష్ట్రం అమెరికా లెక్కన మార్చి రెండో ఆదివారం గంట ముందుకి జరుపుకుంటుంది. లా పాస్, లోపెస్ మాతేయోస్ ఉన్న దక్షిణ రాష్ట్రం ఏడాదంతా ఒకే టైం. ఆ ఆదివారానికి ముందైతే దక్షిణాన గంట ముందుంటారు, తర్వాతైతే ఇద్దరిదీ ఒకే టైం. పడవ బుకింగ్ వాట్సాప్‌లో చేస్తే "లా పాస్ టైమా?" అని రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి, పొద్దున 8 గంటల పడవ ఎవరికోసమూ ఆగదు.